పాత కారును పరుగుబాటకు సిద్ధపరచుట

మా పాఠశాల సాంవత్సరిక పత్రికయందు యంత్రములను గూర్చి వ్రాయుట ఇది మొదటిసారి గాదు. కాని యీ యేడు ఈ విషయమునెత్తుకొనుటకు ఒక కారణము కలదు. పై తరగతుల విద్యార్థులలో కొందఱు రాత్రివేళ హనుమకొండనుండి కాజీపేటకు పోవు రోడ్డుమీద బండ్లతో పందెములు వేయుచున్నారని మా చెవిని బడినది. వేగముగా పోవలెనను కోరిక బాలురకు పుట్టుట సహజము. దానిని గద్దించి యణచివేయవచ్చునని మాకు నమ్మకము లేదు. అయితే ఆ కోరికకు తగిన స్థలమొకటి కలదనియు, అచ్చటికి పోవుటకు ముందు చేయవలసిన పని మిక్కుటముగా నున్నదనియు మేము స్వయముగా చూచి తెలిసికొంటిమి గనుక, దానినే యిచ్చట వివరింపబూనితిమి.

ఆ స్థలమే పరుగుబాట. అందఱును దానిని ట్రాకనియే పిలుతురు. మోటారు పందెములకై కట్టిన ట్రాకులను, పందెములు లేని కొన్ని దినములలో, రుసుము చెల్లించినవారికి తెరచి యుంచుదురు. ఎవరి బండిని వారు తెచ్చుకొని నడుపుకొనవచ్చును. ట్రాక్ డే యనునది యిదియే. ఇందులో బహుమానము లేదు, గెలుపోటములు లేవు. ఎదురుగా లారీ రాదు, బర్రె అడ్డము పడదు, బడి విడిచిన పిల్లలు రోడ్డు దాటరు. తప్పు జరిగినచో నష్టము సాధారణముగా చేసినవానికే గాని దారిన పోవువారికి గాదు. ఈ యొక్క భేదమే మాకు చాలును.

మా పూర్వవిద్యార్థి యొకడు మట్టెవాడలో మెకానిక్కు షెడ్డు నడుపుచున్నాడు. అతని తండ్రి 1996లో కొనిన మారుతి 800 కారు, ఆయన గతించిన పిమ్మట ఆఱేండ్లు ఇంటి వెనుక వేపచెట్టు క్రింద నిలిచిపోయెను. ఈ కారును మన దేశమున ఎఱుగనివారు లేరు. 1983 డిసెంబరు 14వ తేదీన మొదటి బండిని కొన్నవారి చేతికిచ్చిరి; 2014లో దీని తయారీ ఆగిపోయెను. ఇంజను 796 ఘనపు సెంటీమీటర్లు, సిలిండర్లు మూడు, బలము సుమారు 37 అశ్వములు, బరువు సుమారు 650 కిలోలు. పందెపు బండికి ఇది తగునా యని నవ్వువారుందురు. వారికి తెలియని సంగతి యొకటి కలదు. దానిని ముందు చెప్పెదము.

మా శిష్యుడు ఆ కారును బాగుచేసి ట్రాకు మీదికి తీసికొనిపోదునని చెప్పగా, అతని తల్లి మమ్ము పిలిపించెను. ఆమె కోపపడునని తలంచితిమి. ఆమె యిట్లనెను: "సారూ, వాడు ఎంత జోరుగ పోతడో నాకు అక్కెర లేదు. ఎట్ల ఆగుతడో అది చెప్పుండ్రి." మేము ఇరువదేండ్లుగా భౌతికశాస్త్రము చెప్పుచున్నాము, ఇంత సూటియైన ప్రశ్నను ఏ పరీక్షాపత్రములోను చూచి యెఱుగము. ఆనాటినుండి సెలవుదినములలో ఆ షెడ్డునకు పోవుట మాకు అలవాటయ్యెను.

పాత కారును బాగుచేయుటయనగా రంగు వేయించుట యని పలువురు తలంతురు. రంగు చిట్టచివరి పని. మొదటి పని తుప్పును వెదకుట. మన ఊరికి సముద్రపు గాలి తగులదు గదా యని మేము ధైర్యముగా నుంటిమి. కాని ముందరి అద్దము చుట్టునున్న రబ్బరు ఎండి పగిలి, వాననీరు లోనికి దిగి, నేలమీది తివాచీ క్రింద ఏండ్ల తరబడి నిలిచియుండెను. తివాచీ లేవదీసి స్క్రూడ్రైవరుతో తట్టుచు పోగా, ఒకచోట ఖంగుమను శబ్దమునకు బదులు అట్టముక్కను తట్టినట్టి శబ్దము వచ్చెను. మఱికొంచెము నొక్కగా స్క్రూడ్రైవరు నేలలోనుండి క్రిందికి దిగిపోయెను. అది రేకు గాదు, బొటనవ్రేలి మందమున పట్టించిన లప్పము! దానిని పెట్టిన చేయి యెవరిదో మాకు తెలియదు. పైన రంగు మాత్రము ముచ్చటగా వేసిరి.

లప్పము వంకరను దిద్దును గాని బరువును మోయదు. సీటును, బెల్టును పట్టి యుంచునది ఆ నేలయే గనుక దానిని మోసగింపరాదు. తుప్పును మంచి రేకు తగులువఱకు కోసివేసి, అదే మందము గల క్రొత్త రేకును అతికితిమి. వెల్డింగునకు ముందు పెట్రోలు ట్యాంకును విప్పి ఆవల పెట్టించి, బ్యాటరీ తీగలు తీయించి, ఇసుక బకెట్లు దగ్గఱ నుంచితిమి. ఈ పనికి రెండు నెలలు పట్టెను. చూచువారికి ఇందులో వినోదమేమియు లేదు.

ఇంజను విషయమున ఒక చక్కని పరీక్ష చూచితిమి. తొమ్మిదవ తరగతివారికి ఉపయోగపడును. ప్లగ్గులు విప్పి, ఒక్కొక్క సిలిండరునకు పీడనమును కొలుచు గడియారమును బిగించి ఇంజనును త్రిప్పుదురు. రెండు సిలిండర్లు సమముగా చూపెను. మూడవది తక్కువ చూపెను. లోపము వాల్వులదా, పిస్టను రింగులదా? షెడ్డులోని వృద్ధుడైన ఉస్తాదు ఆ మూడవ సిలిండరులో చెంచాడు నూనె పోసి మరల కొలిపించెను. పీడనము పెరిగెను. నూనె రింగుల చుట్టునున్న సందును మూసినది గనుక గాలి నిలిచినది. అనగా రింగులు అరిగినవి. వాల్వులే కారినచో నూనె పోసినను మార్పు కనబడదు. ఉస్తాదు బడికి పోయినవాడు గాడు. పిదప మూడు సిలిండర్లకును బోరింగు చేయించి, పెద్ద కొలత పిస్టన్లు వేయించితిమి.

ఇక తల్లి యడిగిన ప్రశ్నకు వత్తము. కారు 650 కిలోలు, నడుపువాడు 70 కిలోలు, మొత్తము 720. గంటకు 100 కిలోమీటర్ల వేగమనగా సెకండుకు దాదాపు 27.8 మీటర్లు. బరువులో సగమును వేగముయొక్క వర్గముచే గుణించినచో సుమారు 2 లక్షల 78 వేల జౌళ్ల శక్తి తేలును. బండి ఆగినప్పుడు ఆ శక్తి యెచ్చటికి పోయినది? దాదాపు అంతయు బ్రేకులలో వేడిమిగా మారినది. ఆ వేడిమితో ఒక లీటరు నీటిని 30 డిగ్రీలనుండి 96 డిగ్రీలవఱకు కాచవచ్చును. ఒక్కసారి బ్రేకు త్రొక్కి బండిని నిలుపుటకే ఇంటిల్లిపాది చాయకు నీళ్లు కాగినవన్నమాట! వేగము 50 అయినచో శక్తి సగము గాదు, నాలుగవ వంతే. రోడ్డుమీద ఇట్టి బలమైన బ్రేకు ఎప్పుడో ఒకసారి త్రొక్కుదురు. ట్రాకుమీద ప్రతి చుట్టులోను పలుమార్లు త్రొక్కవలయును. నడుమ చల్లారుటకు వ్యవధి యుండదు. బరువు తక్కువయైన కొలది ఈ వేడిమియు తక్కువ. చిన్న కారును చూచి నవ్వువారికి తెలియనిది ఇదియే.

బ్రేకు పెడలును త్రొక్కిన కాలి బలమును చక్రములవఱకు చేర్చునది గొట్టములలోని ద్రవము. ద్రవము అణగదు గనుక ఇచ్చటి నెట్టుడు అచ్చటికి పోవును. పాస్కల్ సూత్రము చదివినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. కాని యీ బ్రేకు నూనెకు ఒక దుర్గుణము కలదు: గాలిలోని తేమను పీల్చుకొనును. డాట్ 3 అను రకము క్రొత్తదైనప్పుడు 205 డిగ్రీలకు తక్కువగాని వేడిమివద్ద మరుగవలెనని నియమము. తేమ పట్టినదానికి ఆ నియమము 140 డిగ్రీలే. డాట్ 4 రకమునకు అవి 230, 155. నూనె మరిగినచో ఆవిరి బుడగలు పుట్టును. ఆవిరి అణగును. అప్పుడు పెడలు నేలను తాకును గాని బండి ఆగదు.

కావున మార్పులలో మొదటివి బ్రేకులకే జరిగినవి. ముందరి డిస్కులు, ప్యాడ్లు, వెనుక డ్రమ్ములలోని షూలు, పగిలిన రబ్బరు గొట్టములు అన్నియు మార్చబడెను. వీనిలో కొన్నిటికై మా శిష్యుడు విజయవాడ ఆటోనగరునకు పోయివచ్చెను. 1966లో స్థాపింపబడిన ఆ పేటలో దొరకని మోటారు సామాను లేదని మన మెకానిక్కుల నమ్మకము. తరువాత టైర్లు. పూలు చక్కగా కనబడుచున్నను, ఏండ్లు గడచి గట్టిపడిన టైరు నేలను పట్టదు. తరువాత కొంచెము గట్టి స్ప్రింగులు, క్రొత్త డ్యాంపర్లు. వెనుక సీటును, తివాచీలను, స్టెప్నీ చక్రమును తీసివేసి బరువు తగ్గించితిమి. ఇంజను బలమును పెంచుటకు మాత్రము మేము ఒప్పుకొనలేదు. కార్బొరేటరును శుభ్రపరచి సరిచేయించితిమి, అంతే. మా శిష్యుని మొగము చిన్నబోయెను. పెద్ద శబ్దము చేయు సైలెన్సరు నొకదానిని అతడు ముందే కొనియుంచెనని పిదప తెలిసినది. గేట్లు చేయు వెల్డరుచే గొట్టములతో లోపల పంజరము కట్టింతునని కూడ అనెను. లెక్కలేక కట్టిన పంజరము బండి బోల్తాపడినప్పుడు కాపాడుటకు మాఱు తలనే పగులగొట్టవచ్చును. అది వలదని చెప్పి, ఆ సొమ్ముతో మంచి హెల్మెట్టును సీటును కొనిపించితిమి.

తలిదండ్రులు గమనింపవలసిన మాట యొకటి. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను ప్రకారము, కంపెనీవారు నిర్ణయించి రిజిస్ట్రేషను పత్రములో వ్రాయబడిన వివరములకు భిన్నముగా బండిని మార్చి రోడ్డుమీద తిప్పరాదు. పదునైదేండ్లు నిండిన బండికి రిజిస్ట్రేషను మరల చేయించుకొనవలయును. మా కారునకు ఆ గడువు ఏనాడో తీరిపోయినది. కావున దానిని నడుపుకొని పోక డి.సి.ఎం. బండిమీద ఎక్కించి తీసికొనిపోతిమి.

పోవలసినది ఆఱువందల కిలోమీటర్లకు మించిన దూరము. ఖమ్మము, విజయవాడ, నెల్లూరు దాటి మద్రాసు సమీపింపగా షోళవరము వచ్చును. రెండవ ప్రపంచయుద్ధకాలపు విమానములు దిగు బాట అచ్చట కలదు. 1950ల దశకము మొదలుకొని పలు సంవత్సరములు ఆ బాటమీదనే మోటారు పందెములు జరిగినవి. ఫియట్లు, అంబాసిడర్లు, హెరాల్డు కార్లు, అన్నియు ఇంటి షెడ్డులలో విప్పి మార్చుకొన్నవే, అచ్చట పరుగెత్తినవి. తరువాత మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బువారు శ్రీపెరుంబుదూరు దగ్గఱ ఇరుంగాట్టుకోట్టైలో సుమారు 3.7 కిలోమీటర్ల ట్రాకు కట్టిరి. అది 1990లో తెరువబడెను. మేము పోయినది దానికే. కోయంబత్తూరి తెలుగు కుటుంబములోని కరివర్ధన్ గారు ఈ మారుతి 800 ఇంజనునే పెట్టి చిన్న పందెపు బండ్లు చేయించిరి. ఫార్ములా మారుతి యను ఆ బండ్లతో పందెము నేర్చినవారిలో, 2005లో ఫార్ములా వన్ పందెములకు ఎక్కిన మొదటి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ ఒకరు. కరివర్ధన్ గారు 1995లో విమాన ప్రమాదమున మరణించిరి. కోయంబత్తూరు సమీపముననున్న కారి స్పీడ్‌వే ట్రాకు ఆయన పేరనే వెలసినది.

ట్రాకువారు ఉదయమే అందఱిని కూర్చుండబెట్టి జెండాల భాష చెప్పిరి. పసుపు జెండా కనబడినచో ముందు అపాయము కలదు, ఎవరిని దాటరాదు. నీలము చూపినచో వెనుకనుండి వేగమైన బండి వచ్చుచున్నది. ఎఱుపు చూపినచో పరుగు నిలిపి నెమ్మదిగా మరలి రావలయును. పిదప హెల్మెట్లను, బెల్టులను, చక్రముల నట్లను పరీక్షించి ఇరువది నిమిషముల చొప్పున విడిచిరి.

మొదటి రెండు విడతలు సుఖముగా జరిగినవి. మూడవ విడతలో అయిదవ చుట్టు ముగియుచుండగా మా శిష్యుడు చేయి బయటికి చాచి, ప్రక్కకు తప్పుకొని మెల్లగా లోనికి వచ్చెను. అతని మొగమున నెత్తురు చుక్క లేదు. మలుపువద్ద పెడలు మెత్తబడి సగమునకు దిగెనట. రెండు మూడుమార్లు త్వరగా త్రొక్కి, గేర్లు దింపి బండిని నిలువరించెనట.

ఆ తప్పు మాదే. బయలుదేరు ముందు బ్రేకు నూనె పోయునప్పుడు షెడ్డు అరమీద వానకాలమునాడు మూత తీసిన సీసాలో సగము మిగిలియుండెను. మా శిష్యుడు క్రొత్త సీసా తెత్తుననగా, "ఇది పాడు చేయనేల?" అని మేమే పోయించితిమి. తరగతిలో తేమను గూర్చి పాఠము చెప్పు మేమే! ఆనాడు మూఱెడు నేల మాత్రము మిగిలియున్న మలుపైనచో ఈ వ్యాసమును వ్రాయుటకు మాకు చేతులాడకపోవును.

బండిని రెండు గంటలు చల్లార్చితిమి; వేడి డ్రమ్ములమీద చేతిబ్రేకు లాగరాదు గనుక చక్రములకు రాళ్లు పెట్టితిమి. క్రొత్త డాట్ 4 సీసా మూత విప్పి, దూరపు చక్రము మొదలుకొని ఒక్కొక్కదానివద్ద పాత నూనెను పూర్తిగా కార్చి నింపితిమి. సాయంకాలపు విడతలో అతడు ఎనిమిది చుట్లు తిరిగెను. పెడలు రాయివలె నిలిచెను. అతని వేగమెంతయో మేము చూడలేదు. మలుపుకు ముందు వెలుగు ఎఱ్ఱదీపములనే చూచుచుంటిమి.

తిరిగి వచ్చిన మఱునాడు అతని తల్లియొద్దకు పోయి జరిగినదంతయు దాచక చెప్పితిమి. ఆమె చాలసేపు మాటాడలేదు. తరువాత, "కొత్త సీస కొననీకి పైసలు లేకుంటె నన్నడుగకపోతిరి సారూ?" అనెను. మేము తలవంచుకొంటిమి.

కారిప్పుడు షెడ్డులోనే యున్నది. వెనుక డ్రమ్ములను విప్పి షూల అరుగుదలను కొలువవలసి యున్నది. చూడగోరు తొమ్మిది, పది తరగతుల విద్యార్థులు తమ తలిదండ్రుల అనుమతిపత్రముతోను, ఒక పాత గుడ్డతోను శనివారము సాయంకాలము నాలుగు గంటలకు పాఠశాల గేటువద్దకు రావలెను.