నాలుగో గేరు ఎక్కడ కలుస్తుంది?

ఆరాంఘర్ దాటి గగన్‌పహాడ్ మీదుగా శంషాబాద్ వైపు సాగే 44వ నంబరు జాతీయ రహదారిపై పాత జీపు నడపడం తేలిక కాదు. 2008లో విమానాశ్రయం మొదలయ్యాక ఈ దారిలో రద్దీ, వేగం రెండూ పెరిగాయి. వెనక నుంచి హారన్లు మోగుతుంటే, మూడు గేర్ల జీపు యజమానికి మొదట తోచే ఉపాయం నాలుగు గేర్ల గేర్‌బాక్స్ వేయించడం. ఇంకో గేరుంటే బండి ఇంకాస్త పరిగెడుతుందని ఆశ. ఆ ఆశ పొరపాటు. ఆ తరం జీపుల్లో అదనపు గేరు పైన కలవదు, కింద కలుస్తుంది. రోడ్డు కోసమైతే ఈ మార్పు దండగ, కొండ కోసమైతే దండిగా పనికొస్తుంది.

మన దగ్గర ఎక్కువగా కనిపించే పాత జీపు సీజే-3బీ. అమెరికాలో దీని తయారీ 1968లో ఆగిపోయినా, ఇక్కడ మహీంద్రా ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు చేసింది. అందులోని హరికేన్ పెట్రోలు ఇంజిను శక్తి 72 హార్స్‌పవర్, దాని వెనక ఉండేది టి-90 అనే మూడు గేర్ల గేర్‌బాక్స్. అందులో ఫస్ట్ గేరు నిష్పత్తి దాదాపు 2.80, సెకండ్ 1.55, టాప్ 1. అంటే ఫస్ట్‌లో ఇంజిను 2.80 చుట్లు తిరిగితే గేర్‌బాక్స్ నుంచి బయటికొచ్చే షాఫ్టు ఒక్క చుట్టు తిరుగుతుంది. టాప్‌లో రెండూ సమానంగా తిరుగుతాయి. అమెరికాలో సీజే-5కు ఐచ్ఛికంగా ఇచ్చిన నాలుగు గేర్ల టి-98లో ఫస్ట్ 6.40, టాప్ మళ్లీ 1. తేడా అంతా అడుగునే ఉంది.

ఇక లెక్క చూద్దాం. యాక్సిల్ నిష్పత్తి 5.38, ముందు చక్రాలకూ శక్తిని పంపే ట్రాన్స్‌ఫర్ కేసులో లో గేరు 2.46. ఈ రెండింటితో ఫస్ట్ గేరు నిష్పత్తిని గుణిస్తే టి-90తో ఫస్ట్‌లో మొత్తం 37 వస్తుంది, టి-98తో దాదాపు 85. ఇంజిను నిమిషానికి వెయ్యి చుట్లు తిరిగేటప్పుడు మొదటి బండి గంటకు సుమారు 3.7 కిలోమీటర్లు పోతే, రెండోది 1.6 కిలోమీటర్లే పోతుంది. మనిషి నడక కంటే నెమ్మది అన్నమాట. అనంతగిరి లాంటి చోట రాళ్ల వాలు ఎక్కేటప్పుడు హాఫ్ క్లచ్ మీద బండిని ఆపుకోనక్కర్లేదు, దిగేటప్పుడు ఇంజినే బ్రేకు పని చేస్తుంది. అదే హైవే మీద, గంటకు 80 కిలోమీటర్ల వేగంలో, రెండు బండ్ల ఇంజిన్లూ నిమిషానికి 3,100 చుట్లకు పైగా ఒకే రకంగా అరుస్తాయి. ఆ అరుపు తగ్గాలంటే మార్చాల్సింది గేర్‌బాక్స్ కాదు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనక మూత తీసి బిగించే ఓవర్‌డ్రైవ్ ఇంజిను చుట్లను పాతిక శాతం తగ్గిస్తుంది. అయినా పాత డ్రమ్ బ్రేకులున్న బండికి వేగం పెంచడం మంచి కోరిక కాదు.

పాత గేర్‌బాక్స్‌లో ఫస్ట్‌కు, గేరును సాఫీగా కలిపే సింక్రో లేదు, సిగ్నల్ దగ్గర గరగరమంటుందని కొందరంటారు. నిజమే. కానీ టి-98లోనూ ఫస్ట్‌కు సింక్రో లేదు. బండి పూర్తిగా ఆగాక ఫస్ట్ వేయడం, అవసరమైతే డబుల్ క్లచ్ కొట్టడం అలవాటైతే ఆ గరగర ఉండదు. అరిగిన పళ్ల చక్రాలు, బేరింగులు మారిస్తే పాత పెట్టె మళ్లీ నిలబడుతుంది. మహీంద్రా ఎంఎం540 నాలుగు గేర్ల పెట్టె చవగ్గా దొరుకుతుందన్నది ఇంకో మాట. చవక పెట్టె ధరలోనే, పనిలో కాదు. అది డీజిల్ ఇంజినుకు జోడీగా వచ్చింది. పెట్రోలు ఇంజినుకు కలపాలంటే మధ్యలో అడాప్టర్ ప్లేటు కావాలి, క్లచ్ సరిపోవాలి, గేర్‌బాక్స్‌ను మోసే అడ్డకమ్మి జరగాలి. పొడవైన పెట్టె పెడితే వెనక ప్రొపెల్లర్ షాఫ్టు పొట్టిదవుతుంది, కోణం పెరిగి దాని జాయింట్లు త్వరగా అరుగుతాయి. పొట్టి జీపుకు ఇది చిన్న విషయం కాదు.

నా బండి నా ఇష్టం అనేవారికి చట్టం వేరే సంగతి చెబుతుంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ నియంత్రిస్తుంది. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి ‘వీఏ’ అక్షరాలున్న నంబరు రావాలంటే ఛాసిస్, బాడీ, ఇంజిను పెద్దగా మారకుండా ఉండాలి. అందులో గేర్‌బాక్స్ పేరు విడిగా లేదు కదా అని ఛాసిస్‌ను కోయడానికి పూనుకుంటే ఆ గుర్తింపే చేజారవచ్చు. పైగా ఆ నంబరున్న బండిని రోజువారీ తిరుగుళ్లకు వాడకూడదు. అప్పుడు హైవే వేగం కోసం ఈ మార్పు అన్న వాదనకు ఆధారమే మిగలదు.

కాబట్టి మొదట చేయాల్సింది ఎంత ఖర్చవుతుందని మెకానిక్‌ను అడగడం కాదు, మీ జీపు నిజంగా ఎక్కడ తిరుగుతుందని మిమ్మల్ని మీరే అడగడం. కొండలెక్కించేదైతే ముందు ఆర్టీఏ కార్యాలయంలో అడిగి, ఛాసిస్ కోయకుండా, రేపు విప్పి పాత రూపం తెచ్చేలా నాలుగు గేర్లు పెట్టించండి. తీసిన టి-90ని గ్రీజు పూసి దాచండి. గగన్‌పహాడ్ రోడ్డు మీదే తిరిగేదైతే ఆ మూడు గేర్లనే బాగుచేయించుకోండి.