వాడలో సినిమా, పెళ్ళి హక్కు మీద చర్చ

వివాహ సమానత్వం అనగానే 'అది మన సమస్య కాదు, పట్నంలో ఇంగ్లీషు చదువుల వాళ్ళ గోల' అనేవాళ్ళు మన సంఘాల్లోనూ ఉన్నారు. కూలిరేట్లు, భూమి, రిజర్వేషన్లు ఉండగా ఇదెందుకని అడుగుతారు. అడగనివ్వాలి. అయితే పెళ్ళి ఎవరితో జరగాలో కులం శాసించే దేశంలో, పెళ్ళి హక్కు దళితుల ప్రశ్న కాకుండా ఎట్లా పోతుంది? కులాంతర వివాహమే అసలు మందని అంబేద్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో రాశాడు గదా! పై కులం అమ్మాయిని చేసుకున్నందుకు 2018లో మిర్యాలగూడలో దళిత యువకుణ్ణి నరికి చంపించారు.

ఈ రెండు పోరాటాలూ కలిసే చోటు ఒకటుంది: 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. కులం, మతం అడ్డు లేకుండా పెళ్ళాడటానికి ఉన్న చట్టమే ఇది. కానీ ముందుగా నోటీసివ్వాలి, ఆఫీసులో అందరికీ కనబడేట్టు దాన్ని అంటించాలి, 30 రోజులు అభ్యంతరాల కోసం ఆగాలి. ఇంట్లోంచి వెళ్ళొచ్చిన జంటకు ఆ 30 రోజులు ఎట్లా గడుస్తాయో చెప్పక్కర్లేదు. స్వలింగ జంటలు ఈ చట్టంలోనే చోటడిగారు. వాళ్ళలో కొందరు ఈ నోటీసునూ సవాలు చేశారు. ఆ సుప్రియో కేసులో 2023 అక్టోబరు 17న అయిదుగురు జడ్జీలూ పెళ్ళి ప్రాథమిక హక్కు కాదన్నారు. 2025 జనవరిలో రివ్యూ పిటిషన్లనూ కొట్టేశారు. కోర్టు పని అట్లా అయింది కాబట్టి మనం ఇప్పుడు జనంతో మాట్లాడాలి.

ఉపన్యాసంతో మొదలుపెడితే జనం లేచిపోతారు. సినిమా వేస్తే కూర్చుంటారు. మేము సూచించేది నీరజ్ ఘేవాన్ తీసిన 'గీలీ పుచ్చీ' (2021). గంటలోపే అయిపోతుంది. ఫ్యాక్టరీలో యంత్రం మీద పనిచేసే దళిత స్త్రీ భారతి; ఆమె కోరుకున్న ఆఫీసు ఉద్యోగం దక్కిన బ్రాహ్మణ వివాహిత ప్రియ. ఇద్దరి మధ్యా ప్రేమ చిగురిస్తుంది. భారతి తన అసలు కులం చెప్పేసరికి ఆ ప్రేమ ముడుచుకుపోతుంది. ప్రియ అత్తగారింట్లో అందరికీ పింగాణీ కప్పులు, భారతికి మాత్రం స్టీలు గ్లాసు. ఆ గ్లాసు దగ్గర మన వాడలో ఎవరికీ వివరణ అక్కర్లేదు, హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి చూసినవాళ్ళం. స్వలింగ ప్రేమ కూడా కులాన్ని వదిలి రాలేదనీ, ప్రియకు పెళ్ళే పంజరమైందనీ ఆ సినిమా ఒక్క మాటలోనూ ఉపదేశించదు.

సినిమా హిందీలో ఉంది కాబట్టి పక్కన ఒకరు తెలుగులో చెబుతుండాలి. నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది గనుక బహిరంగంగా వేసే అనుమతి సంగతి ముందే చూసుకోవాలి. చర్చకు కూర్చునేవాళ్ళలో లాయరు ఒక్కరు చాలు. కులాంతర వివాహం చేసుకున్న జంట, వాడ నుంచి ఒక ఆడమనిషి, ట్రాన్స్‌జెండర్ సంఘం నుంచి ఒకరు తప్పక ఉండాలి. మైకు ముందు లాయరుకిస్తే అది కోర్టవుతుంది, తర్వాత ఎవరూ నోరు విప్పరు. ఎవరినీ 'నువ్వెవరివి' అని అడగొద్దు, ప్రేక్షకుల ఫోటోలు తీయొద్దు. మర్నాడు అదే వాడలో బతకాల్సింది వాళ్ళే.