ఏకాండి వీణ – అతుకుల వీణ: ఎంపికలో వివేచన

1. ఉపోద్ఘాతం:
వాసిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేదిలో గాలికి ఉప్పుతేమ సహజం. మా అమ్మగారి వీణకు ఒక వర్షాకాలంలో కుండకూ దండికీ నడుమ అతుకు వెంట్రుకవాసి విచ్చింది. “ఏకాండి వీణ అయితే ఈ బాధ ఉండేది కాదు” అని చూసినవారందరూ అన్నారు. ఏళ్ళ తరువాత మా అమ్మాయికి వీణ కొనవలసి వచ్చినప్పుడు అదే మాట మళ్ళీ వినిపించింది. ఆ మాటలో నిజం ఎంత? ఎంపికకు ప్రమాణాలు ఏవి? ఈ అంశాలను వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. రెండు నిర్మాణాలు:
సరస్వతీవీణలో కుండ, దండి, యాళిముఖం ప్రధానాంగాలు. ఈ మూడింటినీ ఒకే పనసదుంగ నుండి తొలిచి చేస్తే అది ఏకాండి వీణ. విడివిడిగా చెక్కి అతికిస్తే అతుకుల వీణ. రెండింటికీ మెట్లు 24, వాయించే తంత్రులు 4, తాళపు తంత్రులు 3. వాదనపద్ధతిలోనూ భేదం లేదు. కనుక వీటిని రెండు వాద్యాలుగా కాక, ఒకే వాద్యానికి రెండు నిర్మాణమార్గాలుగా గ్రహించాలి.

3. ఊరిపేర్లు – అపోహ:
వ్యవహారంలో ‘బొబ్బిలి వీణ’ అంటే ఏకాండి అనీ, ‘తంజావూరు వీణ’ అంటే అతుకులదనీ ఒక అభిప్రాయం ఉంది. బొబ్బిలి సమీపంలోని గొల్లపల్లి శిల్పుల ఏకాండి వీణలు ప్రసిద్ధమే. అయితే తంజావూరులోనూ ఒకే దుంగతో వీణలు చేస్తారు. రెండు ఊళ్ళ వీణలకూ భౌగోళిక గుర్తింపు లభించింది. పైగా 24 స్థిరమైన మెట్లతో వీణకు నేటి రూపం కల్పించిన కీర్తిని సంప్రదాయం తంజావూరు ప్రభువు, తెలుగు కవి రఘునాథనాయకునికే ఇస్తోంది. కాబట్టి ఒకటి మనది, మరొకటి పరాయిది అనే విభజనకు చరిత్రలో ఆధారం బలహీనం. ఊరిపేరు శిల్పిపరంపరను తెలుపుతుంది. చేతిలోని వీణ గుణాన్ని తెలుపదు.

4. నాదానికి మూలం:
ఏకాండిలో కంపనానికి అతుకు అడ్డురాదు కనుక నాదం ఎక్కువసేపు నిలుస్తుందని వాదన. ఇది కొంతవరకు సమంజసమే. కాని తంత్రి కంపనం ముందుగా చేరేది గుర్రానికి, అక్కడి నుండి కుండపై పలకకు. పలక మందం, గుర్రంపై లోహపురేకు వంపు, కొయ్య ఆరిన తీరు నాదాన్ని ఎక్కువగా నిర్ణయిస్తాయి. బిగువుగా కుదిరిన అతుకు కంపనాన్ని పెద్దగా అడ్డుకోదు. వదులైన అతుకు తప్పక చెరుస్తుంది.

వైణికుని చేయి మరో ప్రధానాంశం. ద్రాక్షారామంలో జన్మించిన ఈమని శంకరశాస్త్రి (1922–1987), ఆయన శిష్యులు కాకినాడకు చెందిన చిట్టిబాబు (1936–1996) ఒకే పరంపరవారైనా, ఇద్దరి మీటు, గమకం వేరువేరుగా గుర్తుపట్టదగినవి.

పాశ్చాత్యవాద్యాల్లోనూ ఇలాంటి ఎంపిక ఉంది. లియో ఫెండర్ సంస్థ 1951లో ప్రెసిషన్ బాస్‌ను, 1960లో జాజ్ బాస్‌ను తెచ్చింది. రెండింటిలోనూ తంత్రి కంపించే నిడివి 34 అంగుళాలే. మొదటిదానికి మెడ వెడల్పు, నాదం నిండు. రెండవదానికి మెడ సన్నం, రెండు పికప్‌లను కలిపి నాదాన్ని మార్చుకునే వీలు. ఏది గొప్ప అన్న ప్రశ్నకు అక్కడా సమాధానం లేదు. ఎవరికి, ఏ పాటకు అన్న ప్రశ్నకు మాత్రం ఉంది.

5. తీరప్రాంతంలో పరిశీలించవలసినవి:
అ) దండి: తంత్రుల బిగువు దండిని పైకి లాగుతుంది. ఒక కన్ను మూసి దండి వెంట చూస్తే వంపు తెలుస్తుంది. వంగితే తంత్రులు మెట్లకు ఎత్తవుతాయి. పిల్లల వేళ్ళకు శ్రమ.
ఆ) మెట్లు: సారణి తంత్రిని సరిగ్గా నడిమిన తేలికగా తాకి మీటగా పలికే స్వరం, 12వ మెట్టుపై నొక్కి మీటగా పలికే స్వరం ఒకటి కావాలి. కాకపోతే మేళం మళ్ళీ కట్టించాలి. మెట్లను నిలిపే మైనం ఎండకు మెత్తబడుతుంది. ఇది రెండు రకాలకూ సమానమే.
ఇ) కొయ్య: సరిగా ఆరని దుంగ ఏకాండి అయినా తేమకు బీటలిస్తుంది. అతుకు విచ్చితే మళ్ళీ అతికించవచ్చు, ఒక అంగం పాడైతే దానినే మార్చవచ్చు. ఏకాండికి ఆ వెసులుబాటు తక్కువ.
ఈ) తంత్రులు: ఉప్పుగాలికి ఉక్కుతంత్రులు త్వరగా తుప్పుపడతాయి. వాయించాక పొడిగుడ్డతో తుడవడం తప్పనిసరి.

6. ముగింపు:
ఏకాండికి ముదిరిన పెద్ద పనసమాను కావాలి; చెక్కేటప్పుడు ఒక్క పగులు వచ్చినా శ్రమంతా వృథా. ఆ శిల్పనైపుణ్యం గౌరవించదగినది, కాపాడుకోదగినది. అయితే ఆ గౌరవం అతుకుల వీణను చిన్నచూపు చూడడానికి కారణం కారాదు. ఏకాండి కొనే స్తోమత వచ్చేదాకా ఆగుదామని చదువు వాయిదా వేసిన ఇళ్ళు మా ప్రాంతంలో నాకు తెలుసు. ఆగిన ఏళ్ళలో పిల్లల ఆసక్తి కూడా ఆగిపోయింది. మేము మా అమ్మగారి వీణకే అతుకు బిగింపించి, మేళం కట్టించి అమ్మాయికి ఇచ్చాము. మంద్రతంత్రి మీటినప్పుడు ఆ అతుకు ఎక్కడుందో చెవికి తెలియడం లేదు.