కోటి డౌన్‌లోడ్లుంటే కళ్లు మూసుకోవచ్చా?

వీఎస్ కోడ్ కొత్తగా వేసుకున్నవాళ్లలో చాలామంది ముందు కోడ్ రాయరు. "తప్పనిసరిగా ఉండాల్సిన ఇరవై ఎక్స్‌టెన్షన్లు" అనే వీడియో ఒకటి పెట్టుకుని, అందులో చెప్పినవన్నీ వరసగా ఇన్‌స్టాల్ చేసుకుంటూ పోతారు. కొన్నాళ్లకు ఎడిటర్ బరువెక్కిందనో, సేవ్ కొడితే ఫైలంతా మారిపోతోందనో పక్క సీటువాళ్లను పిలుస్తారు. ఎక్స్‌టెన్షన్ అనండి, ప్లగిన్ అనండి, అది ముక్కూమొహం తెలియని ఎవరో రాసిన ప్రోగ్రాం. మీ లాగిన్‌తో, మీ సిస్టంలో నడుస్తుంది. ఎంచుకునేటప్పుడు ఈ సంగతి గుర్తుంటే కింది అపోహల్లో సగం వాటంతటవే పోతాయి.

అపోహ: లక్షలమంది వాడుతున్నారు, పేరు పక్కన నీలి టిక్కు కూడా ఉంది. ఇక భయమేముంది?

ఆ టిక్కుకు ముఖ్యమైన అర్థం ఇదీ: ఫలానా వెబ్ డొమైన్ తమదేనని పబ్లిషర్ నిరూపించుకున్నారు. అంతేగానీ కోడ్‌ని ఎవరో లైను లైనూ చదివి ముద్ర వేశారని కాదు. ఎక్స్‌టెన్షన్లు దొరికే మార్కెట్‌ప్లేస్‌లో మాల్‌వేర్ స్కానింగ్ ఉంది, నిజమే. కానీ ఫోన్లో యాప్ అడిగినట్టు "మీ ఫైళ్లు చూడొచ్చా, నెట్ వాడుకోవచ్చా" అని ఎక్స్‌టెన్షన్ విడివిడిగా అనుమతి అడగదు. వీఎస్ కోడ్‌కు ఏ అధికారాలుంటే దానికీ అవే. హోమ్ ఫోల్డర్లో ఉన్న ఎస్ఎస్‌హెచ్ కీ, ప్రాజెక్టులో డాట్ ఎన్వ్ ఫైల్లో పెట్టిన డేటాబేస్ పాస్‌వర్డ్, అన్నీ దానికి అందుబాటులోనే ఉంటాయి. చదవగలదు, బయటికి పంపగలదు.

పైగా ఎక్స్‌టెన్షన్లు మామూలుగా వాటంతటవే అప్‌డేట్ అవుతాయి. మీరు వేసుకున్న రోజున్న కోడ్ వేరు, ఈరోజు నడుస్తున్న కోడ్ వేరు కావచ్చు. మధ్యలో రాసినవాళ్ల ఖాతా ఇంకెవరి చేతికో చిక్కినా డౌన్‌లోడ్ల లెక్క మాత్రం చెక్కుచెదరదు. 2025 మొదట్లో వచ్చిన వెర్షన్ నుంచి, ఒక పబ్లిషర్ ఎక్స్‌టెన్షన్ మొదటిసారి వేసుకోబోతే "వీళ్లను నమ్ముతున్నారా" అని వీఎస్ కోడ్ అడుగుతోంది. చదవకుండానే అవును కొట్టేస్తాం, అది వేరే సంగతి. ఆ ఒక్క నిమిషం ఆగి పబ్లిషర్ పేరు అక్షరం అక్షరం చూడండి. పేరున్న ఎక్స్‌టెన్షన్‌కు ఒక్క అక్షరం మార్చి నకిలీలు పెట్టడం పాత ఎత్తు. సోర్స్ కోడ్ లింకు ఉందో లేదో, అక్కడ జనం పెట్టిన ఫిర్యాదులకు ఎవరైనా జవాబిస్తున్నారో లేదో చూస్తే స్టార్ రేటింగ్ కంటే ఎక్కువే తెలుస్తుంది.

అపోహ: థీమ్ అంటే రంగులే కదా, దాంతో ప్రమాదమేంటి?

రంగుల వరకే అయితే ఏమీ లేదు, అది ఉత్త జేసన్ ఫైలు. కానీ థీమ్ పేరుతో వచ్చే ప్యాకేజీలో జావాస్క్రిప్ట్ కూడా ఉండొచ్చు. లక్షలాదిమంది వాడిన మెటీరియల్ థీమ్‌ను 2025 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ మార్కెట్‌ప్లేస్ నుంచి తీసేసింది. లోపల ఎవరికీ అర్థం కాకుండా మెలిపెట్టిన కోడ్ కనిపించడమే అనుమానానికి మూలం. తర్వాత అందులో దురుద్దేశం లేదని తేలి, మైక్రోసాఫ్ట్ క్షమాపణ చెప్పి దాన్ని మళ్లీ పెట్టింది. రాసినవాళ్లు నిర్దోషులే. అయినా ఒక థీమ్‌లో నడిచే కోడ్ ఎందుకుంది అన్న ప్రశ్న మాత్రం అడగాల్సిందే.

అపోహ: ఫలానా ఎక్స్‌టెన్షన్ లేకుండా పని జరగదు.

ఒకప్పుడు నిజం. బ్రాకెట్లకు జతల వారీగా రంగులేసే బ్రాకెట్ పెయిర్ కలరైజర్ ఎంత పాపులరంటే, 2021లో వీఎస్ కోడ్ ఆ సౌకర్యాన్ని తనలోనే కలిపేసుకుంది, అదీ పాత ఎక్స్‌టెన్షన్ కంటే కొన్ని వేల రెట్లు వేగంగా. ఆ తర్వాతి ఏడాది నుంచి అది అడక్కుండానే ఆన్‌లో ఉంటోంది. ఓపెనింగ్ ట్యాగ్ మారిస్తే క్లోజింగ్ ట్యాగ్ మారడానికీ హెచ్‌టీఎంఎల్‌లో విడిగా ఏదీ అక్కర్లేదు. సెట్టింగ్స్‌లో లింక్డ్ ఎడిటింగ్ అని వెతికి టిక్ పెట్టండి. సెట్టింగ్స్ సింక్ కూడా అంతే. పాత వీడియోలు మాత్రం ఇంకా ఎక్స్‌టెన్షన్లే వేసుకోమంటున్నాయి.

అసలైన ప్రోగ్రామర్లు ఉత్త విమ్ మీదే బతుకుతారనేది దీనికి అటువైపు అపోహ. విమ్ వాళ్ల ప్లగిన్ల పిచ్చి చూడాలంటే వాళ్ల కాన్ఫిగ్ ఫైల్ తెరవమనండి. విమ్, ఈమ్యాక్స్ వైపూ కథ ఇదే దారిలో నడిచింది: లాంగ్వేజ్ సర్వర్లతో మాట్లాడే ఏర్పాటు 2021లో నియోవిమ్ 0.5 లోకీ, అదే పనికి విడి ప్యాకేజీగా ఉన్న ఎగ్లాట్ 2023లో ఈమ్యాక్స్ 29 లోకీ వచ్చి చేరాయి.

అపోహ: ఎన్ని వేస్తే ఎడిటర్ అంత నెమ్మది.

సగమే నిజం. వీఎస్ కోడ్‌లో ఎక్స్‌టెన్షన్లు విడి ప్రాసెస్‌లో నడుస్తాయి, చాలావరకు అవసరమైనప్పుడే మేలుకుంటాయి. పైథాన్ ఫైలో, పైథాన్ ప్రాజెక్టో తెరిచేదాకా పైథాన్ ఎక్స్‌టెన్షన్ పడుకునే ఉంటుంది. ఎడిటర్ తెరవగానే లేచి ఫోల్డర్లన్నీ గాలించే ఒక్కటి చాలు, నిద్రపోతున్న ముప్పై కంటే ఎక్కువ ఇబ్బంది పెట్టడానికి. కమాండ్ ప్యాలెట్‌లో షో రన్నింగ్ ఎక్స్‌టెన్షన్స్ అని కొడితే ఏది లేవడానికి ఎన్ని మిల్లీసెకన్లు తీసుకుందో కనిపిస్తుంది. అనుమానంతో కాదు, ఆ అంకె చూసి తీసేయండి.

అపోహ: ఒకటి కాకపోతే ఇంకోటి ఉంటుంది, రెండూ ఉంచుకుందాం.

ఫార్మాటర్ల దగ్గర ఇది కొంప ముంచుతుంది. బగ్ ఒక లైన్లో సరిచేసి సేవ్ కొడతారు. ఫార్మాట్ ఆన్ సేవ్ ఆన్‌లో ఉంటుంది, రెండిట్లో టీమ్ వాడని ఫార్మాటర్ సింగిల్ కోట్లన్నిటినీ డబుల్ చేస్తుంది, ట్యాబులు స్పేసులవుతాయి. గిట్ డిఫ్‌లో మూడు వందల లైన్లు ఎర్రగా, పచ్చగా. రివ్యూ చేసేవాళ్లకు అసలు మార్పు ఎక్కడుందో దొరకదు. ఏ భాషకు ఏ ఫార్మాటరో టీమ్ అంతా ఒక్కసారి తేల్చుకుని, ప్రాజెక్టులోని డాట్ వీఎస్‌కోడ్ ఫోల్డర్లో సెట్టింగ్ రాసి కమిట్ చేస్తే గొడవ వదిలిపోతుంది.

తప్పు ఏ ఎక్స్‌టెన్షన్‌దో తెలియనప్పుడు ఒక్కొక్కటీ తీసి చూడక్కర్లేదు. కమాండ్ ప్యాలెట్‌లో స్టార్ట్ ఎక్స్‌టెన్షన్ బైసెక్ట్ అనే కమాండ్ ఉంది. సగం ఎక్స్‌టెన్షన్లు ఆపి, సమస్య పోయిందా ఉందా అని అడుగుతుంది. మీ జవాబును బట్టి మిగిలిన సగాన్ని మళ్లీ సగం చేస్తుంది. 32 ఎక్స్‌టెన్షన్లున్నా ఐదారు ప్రశ్నల్లో దొంగ దొరుకుతుంది.