కొటేషన్‌లో ఏ రూపాయి ఎవరిది?

కొత్త కారు కొటేషన్ చేతికి రాగానే అందరి కళ్లూ అట్టడుగున ఉన్న అంకె మీదికే పోతాయి. ఆన్‌రోడ్ ధర పన్నెండు లక్షల నలభై వేలని ఉంటే, ‘రౌండ్‌గా పన్నెండు చేయండి’ అని బేరం మొదలవుతుంది. కానీ అది ఒక్క ధర కాదు, నలుగురి వాటాల మొత్తం. కంపెనీది కొంత, ప్రభుత్వానిది కొంత, బీమా సంస్థది కొంత, డీలర్ తన కోసం కలుపుకున్నది కొంత. ప్రభుత్వ వాటాలో బేరం లేదు. మిగతావాటిలో ఉంది. కొన్ని అసలు కట్టనక్కర్లేదు. ఏది ఎవరికి పోతుందో తెలియకపోవడం వల్లే కింది అపోహలన్నీ బతుకుతున్నాయి.

అపోహ: హ్యాండ్లింగ్ చార్జీలు అందరూ కట్టేవే, తప్పవు.

కట్టేవాళ్లు చాలామందే ఉన్నారు, తప్పదన్నది మాత్రం అబద్ధం. ఫ్యాక్టరీ నుంచి బండిని తెచ్చుకోవడం, యార్డులో ఉంచడం, కడిగి తనిఖీ చేసి అప్పగించడం అమ్మేవాడి పని. ఎక్స్‌షోరూమ్ ధర అంటేనే షోరూమ్ గుమ్మం దాకా వచ్చిన బండి ధర. హ్యాండ్లింగ్ చార్జీ వసూలు చేయొద్దని రవాణా శాఖలు డీలర్లను హెచ్చరించడం కొత్తేమీ కాదు. అందుకే పేరు మారుతూ ఉంటుంది: లాజిస్టిక్స్, డిపో చార్జీలు, ఫెసిలిటేషన్, ఇవేవీ కాకపోతే ‘ఇతరములు’.

ఈ మధ్య ఈ చార్జీ ఎక్కువగా దాక్కుంటున్న చోటు ‘ఆర్టీఏ ఖర్చులు’ అనే లైను. లైఫ్ ట్యాక్స్ పెద్ద మొత్తమే, దానికి ప్రభుత్వ రసీదు వస్తుంది. దాన్ని పక్కన పెడితే కేంద్ర నిబంధనల ప్రకారం కారు రిజిస్ట్రేషన్ ఫీజు 600 రూపాయలు, స్మార్ట్ కార్డుకు 200, లోన్ మీద కొంటే ఆ సంగతి ఆర్‌సీలో ఎక్కించడానికి 1,500. వీటికి రాష్ట్రం తీసుకునే సర్వీసు చార్జీలు, పోస్టల్ ఖర్చులు తోడవుతాయి. లైఫ్ ట్యాక్స్ కాకుండా ‘రిజిస్ట్రేషన్’ అని పన్నెండు వేలు వేశారంటే మిగతాది ఎక్కడికి పోతోందో అడగాల్సిందే. (ఫ్యాన్సీ నంబరు మోజు వేరే సంగతి. ఆ వేలంపాట సొమ్ము ప్రభుత్వానికే చేరుతుంది.) గొడవ పడక్కర్లేదు. ‘ఈ లైనుకు విడిగా బిల్లు ఇస్తారా?’ అంటే చాలు. బిల్లు ఇవ్వలేని చార్జీ మీద పట్టు చాలాసార్లు అక్కడే సడలుతుంది.

అపోహ: ఇన్సూరెన్స్ షోరూమ్‌లోనే చేయించాలి, లేకపోతే క్యాష్‌లెస్ రాదు.

డీలర్‌కు బాగా గిట్టుబాటయ్యే అపోహ ఇదే, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరైంది. మన బండికి జరిగే నష్టానికి చేసే ఓన్ డ్యామేజ్ బీమా మాత్రం ఏడాదికి తీసుకుంటే చాలు. థర్డ్ పార్టీ ప్రీమియం ప్రభుత్వం నిర్ణయించేది, ఎక్కడ కొన్నా ఒకటే. 2022 జూన్ నుంచి అమలైన పట్టికలో 1000 సీసీ దాటి 1500 సీసీ లోపు కారుకు మూడేళ్లకు కలిపి 10,640 రూపాయలు, పైన జీఎస్టీ. తేడా అంతా ఓన్ డ్యామేజ్‌లోనూ, జీరో డెప్, ఇంజిన్ ప్రొటెక్ట్ లాంటి యాడ్‌ఆన్‌లలోనూ ఉంటుంది.

ఏ కంపెనీ పాలసీ అయినా తెచ్చుకునే హక్కు కొనేవాడిది. ఫలానా కంపెనీదే తీసుకోవాలని బలవంతం చేయకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2017 మార్గదర్శకాల్లోనే డీలర్లకు చెప్పింది. క్యాష్‌లెస్ అన్నది ఆ బీమా కంపెనీకీ మీ వర్క్‌షాపుకీ ఒప్పందం ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది, పాలసీ ఎవరి దగ్గర కొన్నారన్నదాన్ని బట్టి కాదు. నెట్‌వర్క్ గ్యారేజీల జాబితాలో మీ షోరూమ్ సర్వీస్ సెంటర్ ఉందో లేదో ముందే చూసుకోవచ్చు. పోల్చేటప్పుడు ఐడీవీ (పాలసీలో బండికి చూపే విలువ), యాడ్‌ఆన్‌లు రెండు కొటేషన్లలోనూ ఒకేలా ఉండాలి. ఐడీవీ తగ్గించి చూపిన చవక పాలసీ చవక కాదు.

బయటి పాలసీ తేవాలంటే ఛాసిస్, ఇంజిన్ నంబర్లు కావాలి. బండి అలాట్ కాగానే అవి అడిగి తీసుకోండి. డెలివరీ రోజు దాకా నాన్చితే ముహూర్తం మించిపోతుందన్న కంగారులో షోరూమ్ పాలసీకే తలూపేస్తారు.

‘మా ఇన్సూరెన్స్ తీసుకుంటేనే ముప్పై వేల డిస్కౌంట్’ అన్నారనుకోండి. ప్రీమియంలో తేడా పదివేలే అయితే పంతానికి పోకుండా అక్కడే తీసుకోవడం మేలు. లెక్క మాత్రం మీరే వేసుకోండి.

పాత కారు అమ్మి కొత్తది కొంటున్నవారు తరచూ వదిలేసుకునేది నో క్లెయిమ్ బోనస్. అది బండిది కాదు, యజమానిది. క్లెయిమ్ లేకుండా ఏళ్లు గడిపినవారికి ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 50 శాతం దాకా తగ్గుతుంది. పాత బీమా కంపెనీ నుంచి లెటర్ తెచ్చుకుంటే కొత్త కారుకు వర్తిస్తుంది. మీరు అడగకపోతే షోరూమ్‌లో గుర్తుచేసేవాళ్లు అరుదు.

అపోహ: టీసీఎస్, జీఎస్టీ కూడా ఇలాంటి వడ్డింపులే.

టీసీఎస్, అంటే అమ్మేటప్పుడే వసూలు చేసే పన్ను, అలాంటిది కాదు. కారు ధర పది లక్షలు దాటితే ఒక శాతం వసూలు చేయడం ఆదాయపు పన్ను నిబంధన. పన్నెండు లక్షల కారుకు పన్నెండు వేలు. అది మీ పాన్ మీద జమై ఫారం 26ఏఎస్‌లో కనిపిస్తుంది, రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు, కట్టాల్సిన పన్ను లేకపోతే రిఫండ్ వస్తుంది. చేయాల్సిందల్లా ఆ పాన్ నంబరు సరిగ్గా పడిందో లేదో చూసుకోవడం. జీఎస్టీ మాత్రం ఎక్స్‌షోరూమ్ ధరలోనే కలిసి ఉంటుంది. 2025 సెప్టెంబరు 22న చిన్న పెట్రోలు, డీజిల్ కార్ల మీద అది 18 శాతానికి దిగినప్పుడు తగ్గింది ఆ ధరే. బండి ధర మీద మళ్లీ జీఎస్టీ అని విడి లైను వేస్తే ఒప్పుకోవద్దు.

అపోహ: బేసిక్ కిట్, కోటింగ్ లేకుండా బండి ఇవ్వరు. బయట వేయిస్తే వారంటీ పోతుంది.

మ్యాట్లు, మడ్ ఫ్లాపులు, బాడీ కవర్ మీ ఇష్టం. తుప్పు పట్టకుండా పూత ఫ్యాక్టరీలోనే వేస్తారు. టెఫ్లాన్ మెరుపు కొన్నాళ్లకు పోతుంది. బయట మ్యాట్లు కొన్నంత మాత్రాన వారంటీ పోదు. అయితే వైర్లు కోసి లైట్లు, కెమెరాలు బిగించే పని వేరు, అక్కడ ఎలక్ట్రికల్ భాగాల వారంటీకి నిజంగానే చిక్కు రావచ్చు.

అపోహ: ఒకసారి కట్టాక చేసేదేం లేదు.

ఒకటి కొంటేనే ఇంకొకటి ఇస్తామని మెలిక పెట్టడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం నిర్బంధ వాణిజ్య పద్ధతిగా చూస్తుంది. ముందు హెల్ప్‌లైన్ 1915కు చెప్పొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. షోరూమ్ ఏ ఊళ్లో ఉన్నా మీరుండే జిల్లాలోనే కేసు వేయవచ్చు, గడువు రెండేళ్లు. కేసు ఫీజు మీరు చెల్లించిన ధరను బట్టి ఉంటుంది. అది పది నుంచి ఇరవై లక్షల మధ్య ఉంటే 400 రూపాయలు. డీలర్‌కు ట్రేడ్ సర్టిఫికెట్ ఇచ్చేది రవాణా శాఖే కాబట్టి అక్కడా ఫిర్యాదు చేయవచ్చు. ఎక్కడికి వెళ్లినా మొదట అడిగేది రసీదు. చేతికిచ్చిన క్యాష్‌కు రుజువు ఉండదు గనుక ప్రతి మొత్తాన్నీ బ్యాంకు ద్వారా కట్టి, డీలర్ ముద్రతో ఉన్న మొదటి కొటేషన్‌ను, చివరి ఇన్వాయిస్‌ను, ప్రభుత్వ పన్ను రసీదును కలిపి దాచుకోండి.