పాత కారు నుదుటి దిండు

డ్యాష్‌బోర్డు అనే మాట మోటారుబండి కంటె పాతది. గుర్రపుబండ్ల కాలంలో గిట్టలు ఎగజిమ్మే బురద తోలేవాని మీద పడకుండా బండి ముందు నిలిపిన పలకకు ఆంగ్లంలో ఆ పేరు పుట్టినది. గుర్రం పోయినది, పలక మాత్రం మిగిలి, వేగం తెలిపే ముల్లును, వేడి తెలిపే ముల్లును తనలో పొదుగుకొన్నది. తెనాలి, రేపల్లె ప్రాంతపు రేగడి బాటలను వానకాలంలో ఎరిగినవారికి ఈ వ్యుత్పత్తిని వేరుగా వివరింపనక్కరలేదు.

ఆ పలక మీదికి మెత్తని దిండు ఎందుకు వచ్చినదో మాత్రం చెప్పుకోవలసి ఉన్నది. 1930లలో అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో క్లెయిర్ స్ట్రెయిత్ అనే శస్త్రవైద్యుడు ఉండేవాడు. చితికిన ముఖాలను సరిచేయడం ఆయన వృత్తి. కారు దేనికైనా గుద్దుకొన్నప్పుడు ముందు సీటులోని వారి ముఖం ఇనుప పలకకూ, దానిపై పొడుచుకొని ఉండే మీటలకూ తగులుతున్నదని ఆయన గమనించాడు. గాయాలను కుట్టడంతో తృప్తిపడక, పలకకు మెత్త వేయండని కార్ల కంపెనీలవారికి నచ్చజెప్పబూనాడు. 1956లో ఫోర్డు కంపెనీ అదనపు వెల మీద మెత్త పలకను ఇవ్వసాగినది. 1968 జనవరి నుండి అమెరికాలో కొత్త కార్ల లోపలి భాగాలు తల తాకిడిని ఓర్చుకొనేట్లు ఉండవలెనని నిబంధన ఏర్పడినది.

మన దేశంలో ముందు సీట్లకు బెల్టులు తప్పనిసరి అయినది 1994లో. అంతకు ముందటి అంబాసిడరులోనో, ప్రీమియర్ పద్మినిలోనో ముందు కూర్చున్న మనిషి నుదుటికీ, ఆ రేకుకూ నడుమ అడ్డం ఏదైనా ఉంటే అది రెండు వేళ్ల మందం దిండు ఒక్కటే. వేగంగా పోయే బండిలో అది ప్రాణం నిలుపుతుందని ఎవరూ అనలేరు. ముక్కునూ పళ్లనూ దక్కిస్తే అదే పదివేలు.

ఈ సంగతి ఎరగనివారు ఊడిన దిండుకు చేసే చికిత్స ఒకటున్నది: పైనుండి నాలుగు మరలు బిగించడం. చూడడానికి దిండు కదలదు, కిర్రుమనదు. కాని నుదురు తగలవలసిన చోట నాలుగు ఇనుప తలలు వెలసినవి. స్ట్రెయిత్ తీసివేయుమన్న వస్తువునే మనం తెచ్చి నాటినట్లయినది. ఇట్టి మరమ్మతు కంటె దిండు ఊగులాడుతూ ఉండడమే మేలని నా అభిప్రాయం.

దిండు ఊడడానికి కారణం జిగురు చెడడమేనని అందరూ అనుకొంటారు. అది సగం నిజం. ఎండలో నిలిపిన కారులో అద్దం కింది పలక 70 డిగ్రీల వేడికి కూడ చేరగలదు. దిండుపై కప్పిన రెక్సిన్‌ను మెత్తగా ఉంచే నూనెవంటి పదార్థం ఆ వేడికి కొద్దికొద్దిగా ఆవిరి అవుతుంది. పాత కారు ముందుటద్దానికి లోపలివైపున పట్టే జిడ్డుపొరలో దాని భాగం కొంత ఉన్నది. నూనె పోయిన రెక్సిన్ బిగుసుకొని కుదించుకొంటుంది, అంచులను పైకి లాగుతుంది. లోపలి స్పాంజి కథ వేరు. అది వేడికి, గాలిలోని తేమకు లోనై ఏళ్ల తరబడి విరిగి, చివరకు వేలితో నలిపితే పిండి అవుతుంది. బాపట్ల దగ్గరి సూర్యలంక నుండి వీచే ఉప్పుగాలి రేకును తుప్పు పట్టిస్తుంది. అప్పుడు జిగురు గట్టిగా ఉండి కూడ ప్రయోజనం లేదు. తుప్పు పొరను అంటిపెట్టుకొని అది రేకును విడిచి వస్తుంది.

అందువల్ల పనిలో ముప్పాతిక భాగం శుభ్రం చేయడమే. ముందు బాటరీ తీగను విడదీయవలె. దిండు అంచు కింద దాగిన మరలు, మేకులు ఏమైనా ఉన్నవేమో వేలితో తడిమి చూచి, వాటిని తీసి, దిండును మెల్లగా ఎత్తవలె. బలంగా లాగితే బిగుసుకొన్న రెక్సిన్ చిట్లుతుంది. పాత జిగురును మొండి చెక్కపేడుతో గీకి, తుప్పును గరుకు కాగితంతో రుద్ది, రెడ్ ఆక్సైడు రంగు పూసి పూర్తిగా ఆరనివ్వవలె. స్పాంజి పిండి అయి ఉంటే దానిని మొహమాటం లేకుండా తీసివేసి, అదే మందం గల కొత్తది కోసి పెట్టవలె. పిండి మీద పూసిన జిగురు పిండినే పట్టుకొంటుంది.

జిగురు విషయంలో ఒక హెచ్చరిక. బడిపిల్లలు కాగితాలకు, వడ్రంగులు కొయ్యకు వాడే తెల్లజిగురు ఇక్కడ పనికిరాదు. అందులోని నీరు ఇంకిపోవలెనంటే ఒక వైపైనా కొయ్యవలె పీల్చుకొనేది కావలె. రేకూ పీల్చదు, రెక్సినూ పీల్చదు. కావలసినది పసుపు వన్నె గల రబ్బరు జిగురు. దానిని రెండు వైపులా పలుచగా పూసి, తలుపులన్నీ తెరచి, దరిదాపుల నిప్పు లేకుండా చూచుకొని, పది పదిహేను నిమిషాలు ఊరకుండవలె. ఈ ఊరకుండడమే కష్టం. తెనాలిలో సీట్ల పని చేసే ఒక ముసలాయనను, అంతసేపు ఎందుకని అడిగాను. "తొందరపడితే కుదరదండి మాస్టారూ! తడి మీద అంటిస్తే పొద్దున్నే లేచిపోద్ది. ఏలుకి అంటకూడదు, అప్పుడు పట్టుద్ది," అన్నాడు. శాస్త్రం చెప్పేదీ అదే. ద్రావకం ఆవిరైపోయిన తరువాతనే రెండు రబ్బరు పొరలు ఒకదానినొకటి పెనవేసుకొంటాయి. ఒకసారి తాకినవా, ఇక జరపడానికి వీలులేదు. అందుకే ఆయన నడుమ పాత దినపత్రిక పరచి, దిండును సరిగా అమర్చి, కాగితాన్ని జానెడు జానెడుగా లాగుతూ, నడిమి నుండి అంచులకు అదిమేవాడు. ఆదివారం అనుబంధానికి ఇంతకంటె గట్టి ఉపయోగం ఉండబోదు.

ముసురు పట్టిన రోజున ఆయన ఈ పనికి ఒప్పుకొనేవాడు కాదు. ఆరే జిగురు చల్లబడి, గాలిలోని తేమను తన మీదికి తెచ్చుకొంటుంది. ఆ సన్నని నీటిపొర మీద ఏదీ అతకదు. రేపల్లె వైపు నుండి శ్రావణమాసంలో వచ్చిన కారును ఆయన తిప్పిపంపడం నేను చూచాను.

1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వాన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశాన్ని తెచ్చినది. రైతు నోటి మాటను గ్రంథానికి ఎక్కించిన ఆ పద్ధతిలోనే మన విద్యార్థులు సీట్ల పనివారి వద్ద ఒక పూట కూర్చుంటే, "పట్టు", "లేవడం", "బుడగ" అనే పాత మాటలు ఎన్ని కొత్త అర్థాలను మోస్తున్నవో వినవచ్చును. ఆలస్యం చేస్తే వినిపించేవారు ఉండరు. ఉత్తరపారాలో అంబాసిడర్ల తయారీ 2014 మే నెలలో ఆగిపోయినది. తెనాలిలోనే సూర్య శిల్పశాలవారు వాహనాల తుక్కు ఇనుముతో నిలువెత్తు విగ్రహాలు పోస్తున్నారు. అవి చూడముచ్చటగా ఉంటాయి. కాని నడిచే కారు విగ్రహం కావడానికి ఇంకా వ్యవధి ఇవ్వవచ్చును గదా! 50 ఏళ్లు దాటి మూలరూపం చెడని కార్లను పురాతన వాహనాలుగా నమోదు చేసే నియమం 2021లో వచ్చినది.

అతికించిన దిండు మీద గుడ్డ చుట్టిన చెక్క పెట్టి, బరువు ఉంచి, ఒక రాత్రి కదలించకుండా విడవవలె. మరునాడు బొటనవేలితో అంచు వెంబడి ఒత్తుతూ పోవలె. ఎక్కడైనా బోలు చప్పుడు వినిపిస్తే అక్కడ పట్టు లేదన్నమాట. ఆ తరువాత మిట్టమధ్యాహ్నం బాపట్ల దాకా పోయి వచ్చి, వేడెక్కిన పలకపై అంచులను మరొకసారి చూడవలె. చల్లగా ఉన్నప్పుడు కనిపించని బుడగ, ఉంటే, అప్పుడు పైకి తేలుతుంది.