జ్ఞానమూ ఒక అమానతే

ఇంట్లో ఒకరు పట్టా పుచ్చుకున్న రోజు ఇంటిల్లిపాదికీ పండుగే. తల్లి షుక్రానా నమాజు చేస్తుంది, తండ్రి బంధువులకు మిఠాయి పంచుతాడు. కాని ఆ పట్టా కోసం సమర్పించిన రచన ఎవరు రాశారని అడిగే ఇళ్లు అరుదు. తూనికల్లో మోసం మహాపాపమని పిల్లలకు బోధించే మనమే, వారు ప్రాజెక్టు రిపోర్టును డబ్బిచ్చి రాయించుకుని వస్తే ‘అందరూ చేసేదేగా’ అని సరిపెట్టుకుంటున్నాము. ఈ విషయంలో విశ్వవిద్యాలయాలు ఏమి చేస్తున్నాయో, మన ధర్మం ఏమి కోరుతున్నదో కొంచెం ఆలోచిద్దాము.

ఇతరుల రచనను, ఆలోచనను తనదిగా చూపించుకోవడమే గ్రంథచౌర్యం. దీనిని అరికట్టడానికి విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2018లో నిబంధనలు జారీ చేసింది. వాటి ప్రకారం సిద్ధాంత గ్రంథాన్ని సమర్పించే ముందు సాఫ్ట్‌వేర్‌తో పరీక్షించాలి. ఇతర రచనలతో పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. 10 నుండి 40 శాతం వరకు ఉంటే, ఆరు నెలలకు మించని గడువులో సరిదిద్ది మళ్లీ సమర్పించాలి. 40 నుండి 60 శాతం వరకు ఉంటే, సవరించిన ప్రతిని ఒక సంవత్సరం పాటు సమర్పించడానికి వీలులేదు. 60 శాతం దాటితే ఆ కోర్సులో రిజిస్ట్రేషనే రద్దవుతుంది. పట్టా చేతికి వచ్చిన తరువాత దోషం బయటపడితే, ఆ పట్టాను కొంతకాలం నిలిపివేయవచ్చు.

అయితే ఆరోపణ రాగానే శిక్ష పడదు. ముందుగా శాఖా స్థాయి సంఘం, తరువాత సంస్థ స్థాయి సంఘం విచారణ జరుపుతాయి. తన వాదన వినిపించుకునే అవకాశం విద్యార్థికి ఇవ్వాలి. దోషం నిస్సందేహంగా రుజువైన తరువాతనే శిక్ష. ఇది న్యాయమైన పద్ధతి.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. మొదటిది, యంత్రం పోల్చేది మాటలను మాత్రమే. మూలాన్ని పేర్కొంటూ ఉల్లేఖించిన భాగాలను లెక్క నుండి మినహాయిస్తారు. ఇతరుల మాట వాడుకోవడం తప్పు కాదు, వారి పేరు దాచడమే తప్పు. అదే ఒకరి ఆలోచనను తీసుకుని మాటలు మార్చి రాస్తే యంత్రానికి చిక్కకపోవచ్చు. అందుచేత శాతం తక్కువ వచ్చినంత మాత్రాన మనిషి నిర్దోషి అయిపోడు. రెండవది, అసైన్‌మెంట్లు, ప్రాజెక్టు రిపోర్టులు, వ్యాసాలు ఈ నిబంధనల పరిధిలోకి రావు. అంటే మన పిల్లలలో ఎక్కువమందికి అలవాటు మొదలయ్యే చోట ఈ చట్టం కాపలా లేదు. అక్కడ కాపలా ఉండవలసింది తఖ్వా.

దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూశారు. పైన పొడిగా ఉన్న రాశి లోపల తడిసి ఉంది. తడిసిన దానిని ప్రజలకు కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన వ్యాపారిని నిలదీశారు. మోసగించేవాడితో తనకు సంబంధం లేదని ప్రకటించారు. పైన తన పేరు, లోపల పరుల శ్రమ ఉన్న పుస్తకమూ అలాంటి రాశే. తాము చేయని పనులకు ప్రశంసలు కోరుకునేవారిని దివ్య ఖుర్‌ఆన్ ఆలి ఇమ్రాన్ సూరా 188వ ఆయతులో తీవ్రంగా హెచ్చరించింది.

ఎవరి మాటను వారికే ఆపాదించడం మన విద్వాంసులు కాపాడిన సంప్రదాయం. ఒక్క హదీసు చెప్పడానికి కూడా ఎవరి నుండి విన్నారో, ఆ వ్యక్తి ఎవరి నుండి విన్నాడో పేరుపేరునా వివరించేవారు. ఇమామ్ సుయూతీ (మరణం 1505) గ్రంథకర్తకూ గ్రంథచోరునికీ గల తేడాపై ప్రత్యేకంగా ఒక రచనే చేశారు.

తల్లిదండ్రులకు మేము విన్నవించేది ఒకటే. బడి ప్రాజెక్టు నాడే ఆ పని పిల్లల చేతనే చేయించండి. అది వంకరటింకరగా ఉన్నా సంతోషించండి. ‘ఎన్ని మార్కులు వచ్చాయి?’ అని అడిగే ముందు ‘ఇది ఎక్కడ చదివావు? వారి పేరు రాశావా?’ అని అడగండి. ఇప్పటికే తప్పటడుగు వేసిన విద్యార్థి ఇంట్లో ఉంటే అవమానించకండి. సమర్పణకు ముందే గైడ్ వద్దకు వెళ్లి నిజం చెప్పమని ధైర్యమివ్వండి. ఒక సెమిస్టరు వృథా కావచ్చు, నలుగురిలో తలవంపులు కావచ్చు. కాని తౌబా అంటే పెదవులతో క్షమాపణ వేడడమే కాదు, ఎవరి హక్కును వారికి తిరిగి అప్పగించడం కూడా.

ఆ పట్టాతోనే రేపు మన బిడ్డ పాఠం చెబుతాడు, వైద్యం చేస్తాడు, వంతెన కడతాడు. దానిని నమ్ముకునేవారి హక్కు కూడా అందులో ఉంది. ప్రయోజనకరమైన జ్ఞానాన్ని, దానిని నిజాయితీగా ఆర్జించే మనసును అల్లాహ్ మన సంతానానికి ప్రసాదించుగాక! ఆమీన్.